మూడో మంచె మీద డేగల లెక్క

ఉప్పెన తరవాత 34వ ఏడు, కార్తీకం. వలస 1వ రోజు

గాలి ఈశాన్యం. మబ్బు లేదు. పన్నెండు గంటల దాకా డేగలు 4,300. మరలు ఆపలేదు. సాయంత్రం దాకా రాలినవి 61.

పైన రాసింది గాలిమరల మండలి కోసం. ఈ కింద ‘వివరాలు’ అని వదిలిన జాగాలో ఏం రాసినా చదివే నాథుడు లేడని పందొమ్మిదేళ్ళుగా గమనిస్తున్నాను. ఒక ఏడాది వరసగా వారం రోజులు వంకాయ పులుసుకూర చేసే విధానం రాసి పంపాను. ‘అందింది, సంతృప్తికరం’ అని జవాబొచ్చింది. అందుచేత ఇక్కడ నా ఇష్టం.

ఇవాళ మంచె మీదికి ఒక యంత్రాన్ని ఎక్కించారు. కొబ్బరికాయంత తల, దాని నిండా కళ్ళు. పేరు నేత్రమట. ఇకనుంచి డేగల్ని అదే లెక్కపెడుతుందట. ఈ ఏడాదికి మాత్రం దాని లెక్కా మా లెక్కా పక్కపక్కన నడుస్తాయి, చట్టప్రకారం చెల్లేది మాదే. వచ్చే ఏడాది సంగతి ఆలోచిస్తామన్నారు. ఆలోచిస్తామని మండలి అన్నదంటే ఆలోచన అయిపోయిందని అర్థం.

దాన్ని తెచ్చిన ఇంజనీరు పేరు మేదిని. వయసు ఇరవయ్యెనిమిది. నా కూతురి కూతురు. పడవ దిగి, నిచ్చెనెక్కి, నాకు నమస్కారం పెట్టి, తనిఖీకి సహకరించాలని కోరింది. ఈ పిల్లకి ఎక్కాలు నేర్పింది నేను. పదమూడో ఎక్కం దగ్గరికి వచ్చేసరికి కడుపునొప్పి అనేది. సహకరిస్తానని చెప్పాను.

సాయంత్రానికి యంత్రం తన లెక్క చెప్పింది. 4,470 అట. మొదటిరోజు కదా, కళ్ళు కుదురుకోలేదేమో అనుకున్నాను.

2వ రోజు

గాలి ఈశాన్యం. పన్నెండు దాకా డేగలు 6,150. మరలు ఆపలేదు. రాలినవి 88. యంత్రం లెక్క 6,391.

పొద్దున్నే ఆదెమ్మ తన పడవలో మా ఇద్దరి బిందెలూ వేసుకొచ్చింది. ఆదెమ్మ నాతోపాటు ఈ మంచె మీద లెక్కపెట్టే మనిషి. నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్నది, నన్ను పంతులమ్మగారూ అంటుంది, నేను చెప్పిన మాట ఒక్కటీ వినదు. నీళ్ళ రేవులో వరస చాలా పొడుగ్గా ఉందని చెప్పింది. ఇంటికి ఆరు బిందెలు. మరలు తిరిగితేనే సరస్సులోని ఉప్పునీళ్ళు మంచినీళ్ళవుతాయి. మరలు ఆపితే మర్నాడు ఇంటికి రెండే బిందెలు. ఆ రోజు రేవులో జనం మమ్మల్ని ఏమని తలుచుకుంటారో రాస్తే ఈ కాగితం పాడైపోతుంది.

ఆపమనేది మేం కాదు, అంకె. పన్నెండులోగా పదివేల డేగలు మంచె దాటాయంటే వెనక అసలు గుంపు లక్షల్లో వస్తోందన్నమాట. అప్పుడు సరస్సులో నిలబెట్టిన నాలుగు వందల మరలూ పొద్దుగూకేదాకా ఆగాలి. ఒక్కటి తక్కువై 9,999 వచ్చినా ఆగవు. గుంపు ఆ రెక్కల మధ్య నుంచే పోవాలి. సాయంత్రం ఆదెమ్మ పడవేసుకుని వెళ్ళి, నీళ్ళ మీద తేలేవాటిని బుట్టలకి ఎత్తుకొస్తుంది. ఆ లెక్క కూడా నేనే రాస్తాను. అటూ ఇటూ ఒక్కటి కూడా పోకుండా రాస్తానని నాకు పేరు.

లెక్క ఎలాగంటే, నేను దుర్భిణిలో కన్ను పెట్టి వచ్చేవి డేగలో గద్దలో చెబుతాను. ఆదెమ్మ బొటనవేలు వేళ్ళ కణుపుల మీద పరుగెడుతుంది. వంద కాగానే ఇత్తడి గిన్నెలో గవ్వ వేస్తుంది. టంగుమంటుంది. నేను గీత గీస్తాను. ఈ పనిలోకి రాకముందు ఆమె పడవల మీద జరిగే తేలుడు సంతలో చేపలమ్మేది. బుట్టలో పోసిన చేపల్ని కంటితో చూసి ఎన్నో చెప్పగలదు. నేను ముప్పయ్యేళ్ళు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పాను. కాబట్టి గీతలు కూడతాను.

3వ రోజు

పన్నెండు దాకా డేగలు 5,800. మరలు ఆపలేదు. రాలినవి 79. యంత్రం లెక్క 6,034.

మూడు రోజులైంది. రోజూ మాకన్నా ఎక్కువ చెబుతోంది. కాకుల్ని కూడా డేగల్లో కలిపేస్తోందేమో చూడమన్నాను. మేదిని ఒక్కొక్క పిట్ట బొమ్మా తీసి నా ముందు పెట్టింది. రెండు గంటలు కూర్చుని చూశాను. ఒక్క కాకి దొరికితే ఒట్టు. నేను ఇంకా వెతుకుతూనే ఉంటే అది మెల్లిగా మొదలుపెట్టింది.

“అమ్మమ్మా, పొరపాటైతే ఎగుడుదిగుడుగా ఉండాలి. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. నువ్వే చెప్పేదానివి.”

“చెప్పాను. అయితే?”

“మూడు రోజులూ నూటికి నాలుగే తేడా. ఇది పొరపాటులా లేదు. ఎవరికో ఉన్న అలవాటులా ఉంది.”

“నీ యంత్రానికి ఉన్నట్టుంది. మాన్పించు.”

అది సామాను సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ నా చింతగింజల కాఫీ తాగిన గ్లాసు కడిగిపెట్టి మరీ వెళ్ళింది. కోపం వస్తే గ్లాసులు కడగడం వాళ్ళమ్మ బుద్ధి.

5వ రోజు

నిన్న వాన, డేగలు లేవు. ఇవాళ పన్నెండు దాకా 7,220. మరలు ఆపలేదు. రాలినవి 104. యంత్రం లెక్క 7,505.

మండలి వారు నాకు శాలువా పంపించారు.

దీన్ని కాస్త వివరంగా రాయాలి. మరల నియంత్రణాధికారి నిరీక్షణరావు. చెవిలో పెట్టుకునే పలుకుపూసలోంచి పదేళ్ళుగా నాతో మాట్లాడుతున్నాడు. మాట్లాడటమంటే ఏడాదికోసారి మా లెక్కని తిట్టడం. కళ్ళకి పొరలొచ్చిన ముసలమ్మా, చేపలమ్మే మనిషీ కలిసి జిల్లా మొత్తానికి నీళ్ళు కట్టేస్తున్నారని నా చెవిలోనే అన్నాడు. కళ్ళకి ఆపరేషన్ చేయించుకున్న కాగితం పంపిస్తే, మరి చేపలమ్మే మనిషి సంగతో అన్నాడు. అలాంటివాడు ఇవాళ పొద్దున్న పూసలోంచి తేనె కార్చాడు. యంత్రాలు ఎన్నైనా రావచ్చట, అనుభవం అనుభవమేనట, మూడో మంచె లెక్కే ప్రామాణికమట, దాన్ని శాశ్వతంగా ఉంచాలని తానే పైకి సిఫారసు చేశాడట. మధ్యాహ్నానికి శాలువా, దాంతోపాటు నా పేరు తప్పుగా చెక్కిన జ్ఞాపికా వచ్చాయి.

శాలువా ఆదెమ్మ కప్పుకుని చూసింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళుగా మా లెక్క ఎక్కువని ఏడ్చినవాడికి అది ఇవాళెందుకు ముద్దొచ్చింది? కూర్చుని ఆలోచిస్తే తేలింది ఒకటే. యంత్రం మాకన్నా ఎక్కువ చెబుతోంది. దాని మాట చెల్లితే మరలు ఆపాల్సిన రోజులు పెరుగుతాయి. మా మాట చెల్లితే తగ్గుతాయి. అంటే నా లెక్క వాడికి లాభం. వాడికి లాభమైన లెక్క ఏదైనా సరే, ముందు నేను దాన్ని అనుమానించాలి.

రెండు రోజులుగా యంత్రాన్ని అనుమానిస్తూ కూర్చున్నాను. దానికి ముప్పయ్యేళ్ళ చదువు ఖర్చుపెట్టాను.

6వ రోజు

పన్నెండు దాకా డేగలు 3,900. మరలు ఆపలేదు. రాలినవి 52.

పందొమ్మిదేళ్ళలో మొదటిసారి దుర్భిణిని పక్కన పెట్టి, ఆకాశాన్ని వదిలి ఆదెమ్మ చేతిని చూశాను. డేగల గుంపు పల్చగా వస్తోంది, కాబట్టి నేనూ మనసులో లెక్కపెట్టుకున్నాను. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, వంద. టంగుమని గవ్వ పడింది. సరిగ్గా పడింది. తరవాత మరో డేగ వచ్చింది. బొటనవేలు కదల్లేదు. రెండోది వచ్చింది. మూడోది, నాలుగోది. ఐదోది రాగానే వేలు మొదటి కణుపు మీదికి వెళ్ళింది.

ఇంకో వంద చూశాను. అంతే. మరో వంద. అంతే.

ఆ నాలుగూ ఎందుకు వదిలేస్తున్నావని అడిగాను. ఆదెమ్మ నా వంక వింతగా చూసింది.

“కొసరండీ.”

“ఎవరికి కొసరు?”

“ఎవరికంటే ఏం చెప్తామండీ. వందకి నాలుగు కొసరు. మా అమ్మ అంతే, మా నాయనమ్మ అంతే. వందకి వందే ఇచ్చి చెయ్యి దులుపుకుంటే మనిషికి మర్యాదేముందండీ.”

చేపలు కొనేవాడికి నూట నాలుగు వేసి వంద అని చెప్పే చెయ్యి అది. సంత పోయింది, పని మారింది, చెయ్యి మారలేదు. మండలికి కొసరు ఇస్తోంది. వందకి నాలుగు డేగలు, ఎవరూ అడక్కుండానే. నాకు తెలియకుండా జరిగిందనడానికి లేదు. నా మోకాలికి మూరెడు దూరంలో జరిగింది. గీతలు ఎంత తిన్నగా గీశానో చూసుకుని మురిసిపోయాను గానీ గీతకి ఎన్ని పిట్టలో ఒక్కనాడైనా చూశానా? పరీక్షలో ఏ విద్యార్థి అయినా ఇలాంటి పని చేస్తే సున్నా వేసి, పిలిచి చీవాట్లు పెట్టేదాన్ని.

ఆదెమ్మతో ఇవాళ ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడితే ఏమంటానో నాకే తెలియదు.

7వ రోజు

వాన. డేగలు లేవు.

పాత రిజిస్టర్లన్నీ దించాను. మా లెక్కలో 9,616 పైన ఉండి పదివేలకి అందని రోజు ఏదైనా సరే, కొసరు కలిపితే పదివేలు దాటుతుంది. మరలు ఆగాల్సిన రోజన్నమాట. అలాంటివి పదకొండు దొరికాయి. పదకొండు రోజులూ మరలు తిరిగాయి. పదకొండు రోజులూ లక్షల గుంపు వాటి మధ్య నుంచి పోయింది. రాలినవి మొత్తం 3,871. అంకెలన్నీ నా చేతిరాతే. గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి.

ఆదెమ్మకి చెప్పాను. దాచి లాభం లేదు. ఆ 3,871 పిట్టల్నీ బుట్టలకి ఎత్తిన చెయ్యి కూడా ఆమెదే. పంతులమ్మగారూ, మీరు ముందే సూడొచ్చు కదండీ అంటుందని ఎదురుచూశాను. అంటే బాగుండేది. అనలేదు. కాఫీ ఇచ్చాను, తాగలేదు. చీకటి పడకముందే పడవేసుకుని వెళ్ళిపోయింది.

ఈ సంగతి ఇవాళే పై గళ్ళలో రాసి మండలికి పంపాలి. రాయలేదు. సిగ్గేసింది. ఇంతకాలం ఊరందరినీ కడిగేసిన నోరు నాది.

8వ రోజు

పన్నెండు దాకా డేగలు 2,112. మరలు ఆపలేదు. రాలినవి 30. యంత్రం లెక్క 2,110.

ఆదెమ్మ రాదేమో అనుకున్నాను. ఎప్పటికన్నా ముందే వచ్చింది. ఇవాళ్టి నుంచి వందకి వందే అని తనే అంది. అనడం తేలికే. గవ్వ పడగానే వేలు దానంతటదే ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా నేను కలంతో మణికట్టు మీద తట్టాను. ఇరవై ఒక్క గవ్వలకి ఇరవై ఒక్కసార్లు. చివరికి నా చెయ్యి విదిలించి, బడిపిల్లని కొట్టినట్టు కొడుతున్నారేంటండీ అని విసుక్కుంది. రెండు రోజుల తరవాత ఆమె ఎప్పటిలా నాతో మాట్లాడిన మొదటి మాట అది. ప్రాణం లేచొచ్చింది.

రెండు లెక్కలూ ఒక్కటయ్యాయని చూసి మేదిని నా దగ్గరికి వచ్చింది. చెప్పాను. అది నవ్వలేదు, నేను చెప్పలేదా అనలేదు. నా పక్కన కూర్చుని, ఈ మాట మండలికి తెలిస్తే నీ పేరు ఏమవుతుంది అమ్మమ్మా అని మాత్రం అడిగింది. నీ యంత్రం గెలుస్తుంది కదే అన్నాను. దానికి ఒళ్ళు మండి మళ్ళీ గ్లాసులన్నీ కడిగేసింది.

ఉత్తరాన చిట్టడవిలో ఇవాళ సాయంత్రం డేగలు పెద్ద ఎత్తున దిగాయట. చెట్లు కనపడటం లేదట.

9వ రోజు

గాలి ఈశాన్యం, బలంగా. మబ్బు లేదు.

ఏడింటికే మొదలయ్యాయి. ఎనిమిదికల్లా నేను డేగలా గద్దలా అని చెప్పడం మానేశాను. అన్నీ డేగలే. ఆదెమ్మ వేలు కనపడనంత వేగంగా తిరుగుతోంది. గవ్వ పడుతోంది, నేను తడుతున్నాను, గీస్తున్నాను. పదిన్నరకి నిరీక్షణరావు లాంచీలో స్వయంగా దిగాడు. ఇంత పెద్ద గుంపు వస్తే పూసలో మాటలు చాలవనుకున్నాడు కాబోలు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో అరటిపళ్ళు. మమ్మల్ని కదిలించకుండా ఒక మూల నిలబడి చూశాడు. చూడటం తెలిసినవాడే. పావుగంటలో పట్టేశాడు.

పన్నెండుకి రెండు నిమిషాలుందనగా వందో గవ్వ పడింది. పన్నెండుకి లెక్క మూసి 10,060 అని చదివాను. యంత్రం 10,057 అని మేదిని చెప్పింది. అది ప్రయోగం మాత్రమే, చట్టంలో చెల్లదని నిరీక్షణరావు మర్యాదగా గుర్తుచేశాడు. ఆ తరవాత, ఆవిడ చేతి మీద ఎందుకు తడుతున్నారమ్మా అని నన్ను అడిగాడు.

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. అలవాటు లేక రాలేదు. కొసరు సంగతి చెప్పేశాను.

ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. లెక్క బాగా వచ్చు.

“పాత పద్ధతిలో అయితే తొమ్మిదివేల ఆరువందల డెబ్బయ్యారు. అదే రాయండమ్మా.”

“ఇవాళ దాటినవి పదివేల అరవై.”

“వలస మధ్యలో పద్ధతి మార్చకూడదు, నిబంధన ఉంది. మార్చాలంటే పాత పద్ధతి తప్పని మీరే రాసి సంతకం పెట్టాలి. పెట్టారనుకోండి, పందొమ్మిదేళ్ళ రిజిస్టర్లు చిత్తుకాగితాలే. మీరు తప్పుడు లెక్క రాశారని మీ చేత్తోనే రాసినట్టవుతుంది. ఎందుకమ్మా ఈ వయసులో.”

మంచి మాటే చెప్పాడు. నా మేలు కోరేవాడిలాగే చెప్పాడు, అందుకే వాణ్ణి సరస్సులోకి తొయ్యాలనిపించింది. పైన అసలు గుంపు అంచు కనిపిస్తోంది, పొగ లేచినట్టు. మొదటి వరస మరలకి ఇంకో అరగంట దూరం. నేను ఆలోచిస్తున్నంతసేపూ అది వస్తూనే ఉంది.

కాగితం తీశాను. ‘మూడో మంచె మీద పందొమ్మిదేళ్ళుగా వందకి నాలుగు డేగలు తక్కువ రాశాం. సరిచూడవలసింది నేను. చూడలేదు. తప్పు నాది. ఇవాళ్టి లెక్క 10,060’ అని రాసి సంతకం చేశాను. ఇంత తక్కువ మాటల్లో నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు.

ఆయన కాగితం మడుస్తుంటే ఆదెమ్మ లేచింది. చదవమంది. చదివి వినిపించాడు.

“నా పేరేదండీ అందులో?”

అక్కర్లేదు, బాధ్యత నాది అన్నాను.

“గీతలు గీసింది మీరు. కొసరిచ్చింది నేను. నా చేతి లెక్క మొయ్యడానికి మీరెవరండీ? ఏలిముద్ర ఎక్కడెయ్యాలో సూపించండి.”

కోపంగా అంది. పందొమ్మిదేళ్ళలో ఆమె నా మీద కోప్పడగా అదే చూడటం. కింద ఖాళీ చూపించాను. లెక్కపెట్టే బొటనవేలికే సిరా పూసుకుని, కాగితం చిరిగేటట్టు నొక్కింది.

ఇక నిరీక్షణరావుకి చెయ్యడానికేం మిగల్లేదు. తన నిబంధన ప్రకారమే పూసలోకి ఆజ్ఞ చెప్పాల్సి వచ్చింది. పన్నెండూ పదిహేడుకి మొదటి వరస ఆగింది. నాలుగు వందల మరలూ నిలబడేసరికి పన్నెండూ ముప్పయ్యొకటి. గుంపు వచ్చి పడింది. ఆగిన రెక్కల మధ్య నుంచి, మంచెకి తాటిచెట్టెత్తున, మూడున్నర గంటలసేపు పోయింది. మేదిని యంత్రం వంక చూడనేలేదు, తలెత్తుకుని నిలబడింది. ఆదెమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిరీక్షణరావు కూడా లాంచీలో కూర్చుని చూశాడు. అరటిపండు ఒలుచుకున్నాడు గానీ తినడం మర్చిపోయాడు.

మరలు ఆపిన సమయం: పైన రాశాను. రాలినవి: పొద్దున్న 140. మధ్యాహ్నం తరవాత ఒక్కటీ లేదు.

10వ రోజు

ఈ పేజీ నా సొంత నోటుపుస్తకంలోది. రిజిస్టరు పొద్దున్నే పట్టుకుపోయారు. మూడో మంచె మీద మనుషుల లెక్క ఇవాళ్టితో రద్దు. ‘తీవ్ర నిర్లక్ష్యం’ అని నా పేరు పక్కన రాశారు. మండలి రాసిన వాటిలో నేను ఒప్పుకునేది ఇదొక్కటే. ఆదెమ్మకి మరల కింద పడవ నడిపే పని ఉంచారు, అదీ మేదిని పట్టుబట్టి వాదిస్తే. వాదించేటప్పుడు ఆ పిల్ల గొంతు అచ్చం నాదేనట. ఆదెమ్మ చెప్పింది, మెచ్చుకోలుగా కాదు.

నీళ్ళ రేవుకి నేనే వెళ్ళాను. ఇంటికి రెండు బిందెలు. వరసలో నిలబడిన ఒకావిడ, ఎవరమ్మా నిన్న మరలు ఆపించింది, పిల్లలకి స్నానాల్లేవు అంది. నేనే అన్నాను. ఎందుకు అంది. అడిగింది కదాని మొత్తం చెప్పాను, కొసరుతో సహా. వరసంతా విన్నారు. ఒకాయన నవ్వాడు, ఇద్దరు తిట్టారు. మరి మరలు ఆగని ఆ పదకొండు రోజుల నీళ్ళూ మాకు కలిసొచ్చినట్టేగా అని ఒకడు లెక్క తీశాడు. ఆ నీళ్ళు దేనితో వచ్చాయో వాడికి చెప్పాను. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. తిట్టినవాళ్ళు మాత్రం మళ్ళీ తిట్టారు, అది వాళ్ళ హక్కు.

రిజిస్టర్లు తీసుకెళ్ళేటప్పుడు అధికారి కలం కూడా అడిగాడు. కలం నాదని చెప్పి పంపించేశాను. ఆ పదకొండు రోజులూ నాకు నోటికి వచ్చు. తప్పు దిద్దకుండా వదిలేస్తే ఆ అంకెలు అలాగే నిజమై కూర్చుంటాయి. ఒక్కొక్కటే తిరగరాస్తున్నాను. మండలికి, పత్రికలకి, నీళ్ళ రేవు గోడకి తలా ఒక ప్రతి.

ఉప్పెన తరవాత 17వ ఏడు. వలస 12వ రోజు. డేగలు 9,720 అని రాసింది తప్పు. సరైనది 10,108. మరలు ఆగవలసింది. ఆగలేదు. రాలినవి 412.